గేటు దగ్గర మా వంతులు

మూడో పీరియడ్ నడుస్తుండగా టీచరమ్మ ఎనిమిదో తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సార్, ఆడపిల్లలను జరసేపు తీస్కపోత," అంది.

నేను గోడ మీది పటంలో తుంగభద్ర ఎక్కడ కృష్ణలో కలుస్తుందో చూపిస్తున్నాను. బెత్తం పటం మీదే ఆనించి తల ఊపాను. ఎక్కడికి అని అడగలేదు. తరగతి మధ్యన కట్టిన తెరకు అవతల బెంచీలు జరిగిన చప్పుడైంది. ఆడపిల్లలు ఒకరి వెనుక ఒకరు బయటికి వచ్చారు. పక్క గదిలోంచి ఏడో తరగతి వాళ్ళు, ఆ పక్క గదిలోంచి ఆరో తరగతి వాళ్ళు వచ్చి కలిశారు. టీచరమ్మ ముందు నడిచింది. ఎండలో, మైదానం నడిమధ్య నుంచి, బడి మొత్తం కిటికీల్లోంచి చూస్తుండగా ఆ వరుస గేటు వైపు పోయింది.

"ఏడికి పోతున్నరు సార్?" ముందు బెంచీ పిల్లవాడు అడిగాడు.

"నీకెందుకురా? పటం జూడు."

"లెక్కల సారింటికి సార్," కిటికీ పక్కవాడు మెడ సాచి చూసి చెప్పాడు.

"దావతున్నట్టుంది," అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. తరగతి గొల్లుమంది. నేను బెత్తంతో బల్ల మీద కొట్టాను గాని, నవ్వు నాకూ వచ్చింది.

మైదానంలో డ్రిల్ మాస్టరు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలియక నిలబడ్డాడు. వరుస అతన్ని దాటి పోయింది. గేటు బయట సందు, సందు తిరగ్గానే లెక్కల సారు ఇల్లు. ఆ గుమ్మానికి వేలాడే గోనెపట్టా పర్దా పైకి లేచి, పిల్లలంతా లోపలికి పోయాక కిందికి పడింది. కొంతసేపటికి మళ్ళీ లేచింది. అదే వరుసలో తిరిగి వచ్చి ఎవరి తరగతిలో వాళ్ళు కూర్చున్నారు. తెర వెనుక పుస్తకాలు తెరిచిన చప్పుడు వినిపించింది. టీచరమ్మ తన పాఠానికి పోయింది.

జరిగింది అంతే. దానికి మేం, అంటే ఆ బడిలో చదువు చెప్పే పెద్దమనుషులం, ఏం జవాబిచ్చామో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. బడుల్లో కొత్తగా చేరిన మీరు కలిసి పనిచేయడం గురించి చాలా ఉపన్యాసాలు వినే ఉంటారు. మేం కలిసి పనిచేసినంత చక్కగా పనిచేసిన స్టాఫును నేను తర్వాత మరే బడిలోనూ చూడలేదు. సిగ్గుపడేది కూడా అందుకే.

అరవయ్యో దశకం మొదటి సంవత్సరాలవి. పాలమూరు జిల్లాలో ఆత్మకూరు దాటాక, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉండే ఊరు. సగం ఊరు మగ్గాల మీద బతికేది. మా మగపిల్లల హైస్కూలు ఊరి చివర, చెలక పక్కన. ఆడపిల్లలకు బజారులో ఒక పాత మట్టిమిద్దెలో వేరే బడి ఉండేది, ఏడో తరగతి దాకా. ఏడు పాసైన పిల్ల ఇంటికి పోయి మగ్గం దగ్గరో పొయ్యి దగ్గరో కూర్చునేది. పై తరగతులు కావాలంటే మా బడిలోనే ఉన్నాయి, మా బడికి ఆడపిల్లను పంపాలన్న ఊహ ఎవరికీ రాలేదు.

ఆ ఏడాది ముసురు పట్టి వదల్లేదు. ఒక ఆదివారం ఆ మిద్దె కూలిపోయింది. ఆదివారం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఊరు ఇంకా ఆ మాటే చెప్పుకుంటుండగా జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆడపిల్లల బడిని మగపిల్లల హైస్కూల్లో కలపాలి, వెంటనే. ఎట్లా కలపాలన్నది అందులో లేదు.

మా హెడ్‌మాస్టరు కోస్తా నుంచి వచ్చినవాడు. మంచివాడు, ఇస్త్రీ మడత నలగనివాడు. ఊళ్ళో అందరూ పెద్దసారు అనేవాళ్ళు. మమ్మల్ని తన గదిలోకి పిలిచి, "ఏమండీ మాస్టార్లూ, ఇది మనకు పరీక్షేనండి. ఊళ్ళో ఒక్క మాట పుట్టకూడదు. ఆడపిల్లల వ్యవహారం," అన్నాడు. ఆయన భయమంతా మాట గురించే. మా అందరి భయమూ అదే.

ఇక మేం నడుం కట్టాం. డ్రిల్ మాస్టరు పెద్ద పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి కూలిన మిద్దెలోంచి బెంచీలు, నల్లబల్లలు, గంట, నీళ్ళకుండలు పెట్టే స్టాండు బయటికి లాగించాడు. అతను ఆ ఊరివాడే. గొంతు పెద్దది, మనసులో ఏదీ ఉంచుకోడు. లెక్కల సారు పాతకాలపు ఉర్దూ చదువుల మనిషి. తెలుగులో లెక్కలు చెప్పడం నడివయసులో నేర్చుకుని మా అందరికంటే బాగా చెప్పేవాడు. ఆయన ఒక్క మధ్యాహ్నం కూర్చుని బడి టైంటేబులు మొత్తం మార్చేశాడు. ఆడపిల్లలు మగపిల్లల కంటే కాస్త ముందు వచ్చి కాస్త ముందు పోయేట్టు. వాళ్ళ కోసం వేరే గంట, వేరే కుండ. మైదానంలో వాళ్ళు నడిచే తొవ్వకు రెండు పక్కలా సున్నం గీతలు. తరగతిలో వాళ్ళకూ మగపిల్లలకూ మధ్య తాడు కట్టి తెర. పాఠం చెప్పేవాడు తెర అంచున నిలబడి ఒక మాట ఇటు, ఒక మాట అటు చెప్పాలి. కొన్నాళ్ళకు మెడలు పట్టేశాయి గాని ఎవరం సణగలేదు.

తెరగుడ్డ తెచ్చే పని నాది. సాలెవాడకు పోయి ఒక ఇంటి ముందు నిలబడి అడిగాను. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి పని ఆపకుండానే విన్నాడు.

"తెరనా? ఎంత పొడుగు గావాలె సారూ?"

చెప్పాను.

"నేసిస్త. నా బిడ్డ గూడ దాని యెనుకనే కూసుంటది గద."

ఆ బిడ్డ ఏడు పూర్తిచేసి ఏడాదిగా ఇంట్లో ఉంది. ఆమెను, ఆమెలాంటి మరికొందరిని మళ్ళీ బడికి కదిలించింది టీచరమ్మ. కూలిన బడి నుంచి మాకు వచ్చిన ఒకే ఒక ఉపాధ్యాయురాలు ఆమె. పాలమూరు పట్నం మనిషి, తల్లితో కలిసి కిరాయి ఇంట్లో ఉండేది. ఉత్తర్వు చూసి మేం తెరల గురించి ఆలోచిస్తుంటే, ఆమె ఇల్లిల్లూ తిరిగింది. "ఇప్పుడు బడి ఏడుతోటి ఆగదు. ఎనిమిదున్నది, తొమ్మిదున్నది, పదున్నది. తోలుండ్రి. మంచికీ చెడ్డకూ నాది పూచీ," అని ప్రతి గడపలోనూ చెప్పింది. మా బడిని నమ్మి ఎవరూ పంపలేదు. ఆ మాటను నమ్మి పంపారు.

ఆ రోజుల్లో నేను ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసి పంపేవాణ్ణి, పేరు లేకుండా. కొత్త ఏర్పాటు మీద చిన్న వార్త రాశాను. తెర, గంట, సున్నం గీతలు అన్నీ అందులోకి ఎక్కాయి. "ఉపాధ్యాయుల సమష్టి కృషి ఇతర పాఠశాలలకు మార్గదర్శకం" అని ముగించాను. అచ్చయింది. పెద్దసారు దాన్ని కత్తిరించి తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

పాత బడి నుంచి అన్నీ తెచ్చామనుకున్నాం. ఆ మిద్దె వెనుక ఎత్తుగోడల దొడ్డి ఒకటి ఉండేది. అది తెచ్చేది కాదు, దాని గురించి ఎవరం ఆలోచించనూ లేదు. మాకు, మగపిల్లలకు గోడ అవతల తుమ్మపొదలు ఉండేవి. వేలు ఎత్తడం, "సార్, ఒంటికి" అనడం, పరుగెత్తడం. పాఠం నడుమ అది ఎప్పుడూ ఉండే గొడవే. ఆడపిల్లలు ఎవరూ వేలు ఎత్తేవాళ్ళు కాదు. ఒకరోజు విసుగెత్తి, "ఆ పిల్లలను జూసి నేర్చుకోండ్రా, పొద్దటి నుండి ఒక్కరన్న లేచిన్రా?" అని మగపిల్లల్ని తిట్టాను.

మొదటి శనివారం స్టాఫు మీటింగులో టీచరమ్మ లేచి నిలబడి, తల దించుకునే అయినా స్పష్టంగా చెప్పింది. "సార్, ఆడపిల్లలకు ఒంటికి పోను జాగ లేదు. ఒక మూల ఏదన్న చాటు జెయ్యాలె."

మాకు అర్థం కాలేదనడానికి వీల్లేదు. పెద్దసారు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "అలాగేనమ్మా. ఆ సంగతి చూద్దాం," అని, వెంటనే ఆటల పోటీల విషయం ఎత్తాడు. ఆమె ముందు పోయింది, ఆడపిల్లల గంట కొట్టే వేళయింది కాబట్టి. ఆమె గడప దాటగానే డ్రిల్ మాస్టరు, "ఇగ దానిక్కూడ యేరే గంట గొట్టాలె గావచ్చు!" అన్నాడు.

గది నవ్వింది. లెక్కల సారు ఒక్కడు కిందికి చూస్తూ కూర్చున్నాడు. నేను నవ్వాను. బాగానే నవ్వాను.

ఆమె మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది. మూడోసారికి ఆమె కూడా "ఆ సంగతి" అనడం మొదలుపెట్టింది. సెలవుల్లో చూద్దాం అన్నాం. పైకి రాసి అనుమతి తెప్పించుకోవాలి అన్నాం. ఒకరోజు పెద్దసారు నాతో విడిగా అన్నాడు: "మీరు పత్రికలకు రాసే మనిషి కదండీ, పైఅధికారికి ఆ మాట ఎలా రాయాలంటారు? కాగితం మీద ఎలా పెడతాం చెప్పండి?" నేను కాసేపు ఆలోచించి, కష్టమే అన్నాను. తుపాను నష్టం గురించి, మంత్రిగారి రాక గురించి అలవోకగా రాసేవాణ్ణి. ఆ మాటకు కలం సాగలేదు.

అటెండరు ఒకనాడు సంతోషంగా చెప్పాడు. "ఆడపిల్లల కుండ నింపే పనే ఉంటలేదు సార్. నింపిన నీళ్ళు నింపినట్టే ఉంటున్నయి." పోనీలే నీకు శ్రమ తప్పింది అన్నాను.

చలికాలం పోయి శివరాత్రి దాటింది. మా ప్రాంతంలో ఆ తర్వాత ఎండ ఆగదు. ఎనిమిదో తరగతి తెర వెనుక నాకు ఒక గొంతు బాగా తెలుసు. తెర నేసినాయన బిడ్డ, సాలెవాడ పిల్ల గొంతు. ఇవతల నుంచి ప్రశ్న వేస్తే అవతల నుంచి జవాబు వచ్చేది, తడబాటు లేకుండా. మొహం నేను సరిగా చూసింది లేదు. తెర ఉన్నది అందుకే కదా. ఒకరోజు ప్రశ్న వేస్తే ఎవరూ పలకలేదు. మరునాడూ పలకలేదు. రెండు వేళ్ళు బల్ల మీద తట్టి, "ఏమైంది ఆ పిల్లకు?" అన్నాను.

"జరమొచ్చింది సార్. దవాఖానల ఉన్నది," ఇంకో గొంతు చెప్పింది.

టీచరమ్మ దవాఖానాలో ఆ పిల్ల దగ్గరే ఉందని తర్వాత తెలిసింది. ఆ పిల్ల పొద్దున ఇంట్లో నీళ్ళు తాగడం మానేసి, సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుని, ఒళ్ళు పాడుచేసుకుంది. ఇప్పటికైనా జాగ్రత్త పడకపోతే మంచిది కాదని కంపౌండరు గట్టిగా చెప్పాడట. మిగతా పిల్లల్ని టీచరమ్మ ఒక్కొక్కరినే అడిగింది. అందరూ అదే పని చేస్తున్నారు.

పర్దా పాటించే ఇళ్ళలోనే అప్పట్లో ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు ఇంటి ప్రహరీలో పాయిఖానా ఉండేది. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు తెల్లవారకముందే చెలకల్లోకి పోయి వచ్చేవాళ్ళు. లెక్కల సారుది అట్లాంటి ఇల్లే, బడికి ఆనుకున్న సందులో. ఆయన భార్యను మేమెవరం చూడలేదు. సంగతి ఆమె చెవిన పడి, పనిమనిషితో టీచరమ్మకు కబురు పంపింది: "మా ఇంట్ల జాగ ఉన్నది. బచ్చీలను తోల్కరమ్మను." భర్తను అడగలేదు. ఆ మరునాడే మూడో పీరియడ్‌లో ఆ వరుస మైదానం దాటింది.

సాయంత్రం మీటింగు. పెద్దసారు మొహం కందిపోయి ఉంది.

"ఎంత అప్రతిష్ఠమ్మా! బడి మొత్తం చూసింది. రేపు ఊరు మొత్తం చెప్పుకుంటుంది."

"చెప్పుకోనీండ్రి సార్. తొవ్వ అదొక్కటే ఉన్నది," అంది టీచరమ్మ.

"అట్ల పల్టన్ లెక్క తీస్కపోతరా?" డ్రిల్ మాస్టరు అందుకున్నాడు. "ఒక్కొక్కళ్ళను సాటుంగ పంపొద్దా?"

"సాటుంగ ఒక్కొక్కరిని పంపితే అప్పుడేమంటుంటిరి సార్?"

ఏమనేవాళ్ళమో మాకు తెలుసు.

పెద్దసారు లెక్కల సారు వైపు తిరిగాడు. "సాహెబుగారూ, ఇది మీకు తెలిసి జరిగిందా?"

"నాకు తెల్వదు సాబ్. ఆడోళ్ళు ఆడోళ్ళు అనుకున్నరు." ఆయన ఆగి, "మా ఇంట్ల తిప్పలేం లేదు," అన్నాడు మెల్లగా. ఆ రోజు ఆ గదిలో ఎవరైనా చేసిన సాయం ఆ నాలుగు మాటలే.

"మీకు లేకపోవచ్చండి. కానీ తల్లిదండ్రులు... ఎవరి ఇంటికి పంపారు అని... మరో రకంగా మాట పుడుతుంది," అన్నాడు పెద్దసారు. ఆ మాట ఎటు పోతోందో అందరికీ అర్థమైంది. లెక్కల సారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపయ్యాక మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు. పక్కనే కూర్చున్న నేను, అట్లా అనకండి అని అనలేదు.

టీచరమ్మ లేచి పోయాక నిర్ణయం జరిగింది. బడి వేళల్లో గేటు మూసి ఉంచాలి. అటెండరు మాట ఆమె వినకపోవచ్చు కాబట్టి, ఏ పీరియడ్‌లో ఎవరికి పాఠం లేకపోతే వాళ్ళు గేటు దగ్గర నిలబడాలి. వంతులు ఎవరు వేయాలి? టైంటేబులు పని ఎప్పుడూ లెక్కల సారుదే. ఆయన అక్కడే కూర్చుని వేశాడు. తన పేరు కూడా వేసుకున్నాడు. ఒక్కరు కూడా కాదనలేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరు వాళ్ళ వంతు నిలబడ్డారు. ఎంత ఒద్దికగా చేశామో!

రెండో రోజు మూడో పీరియడ్ వంతు నాది. ఎండ నెత్తిమీదికి వస్తోంది. సున్నం గీతల మధ్య నుంచి వరుస వచ్చి గేటు ముందు ఆగింది. గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"తీయండ్రి సార్," అంది టీచరమ్మ.

"పెద్దసారు చెప్పిండ్రు గదా."

"ఆయన జెప్పింది నాకెరుకే. మీరేమంటరు?"

నేనేమంటానో నన్నెవరూ అప్పటిదాకా అడగలేదు. "నాదేమున్నది టీచర్, అందరం కలిసి అనుకున్నదే," అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. వెనుక నిలబడ్డ చిన్నపిల్ల ఒకతి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది. "నడవండి," అని టీచరమ్మ వెనక్కి తిరిగింది. వరుస వెనక్కి తిరిగింది. నేను పీరియడ్ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. నా తర్వాత వచ్చినవాడు, "వచ్చినారా?" అని అడిగాడు. "వచ్చిన్రు. మర్రగొట్టిన," అన్నాను. ఆ మాట నేనే అన్నాను, కొంచెం పనిమంతుడిలా.

ఆ తర్వాత పిల్లలు రావడం తగ్గింది. మొదట ఎనిమిదో తరగతి వాళ్ళు మానేశారు, ఆ వెంటే ఏడు. ఎవరూ వచ్చి గొడవ చేయలేదు. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం, మేమంతా స్టాఫు రూములో అన్నం డబ్బాలు విప్పుతుండగా, ఒక ముసలమ్మ కట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సాలెవాడ పిల్ల నాయనమ్మ.

"ఎవలయ్యా మీల పెద్దసారు?"

పెద్దసారు లేచి నిలబడ్డాడు. "నేనేనమ్మా. కూర్చో."

"కూసోను రాలే. నీకు ఆడపిల్లలున్నరా?"

"ఉన్నారమ్మా, ఇద్దరు."

"ఆళ్ళు ఒంటికి పోతరా, పోరా?"

డ్రిల్ మాస్టరు లేచి, "అవ్వా, జర మెల్లగ. ఇది బడి," అన్నాడు.

"మెల్లగనా? నీ బొడ్డుకోసినదాన్ని, నాకు జెప్పొస్తున్నవా? మెల్లగ జెప్పిన టీచరమ్మ మాట ఇన్నరా మీరు? ఇంతమంది మొగోళ్ళున్నరు, నాలుగు తడకలు గట్ట రాదా? మా ఇంట్ల మగ్గం కింద గుంట దవ్వుకుంటం, మీకు గడ్డపార పట్ట రాదా? గేటుకాడ మాత్రం ఒకని యెంట ఒకడు దినాం నిలబడొస్తది!"

ఆమె నన్ను గుర్తుపట్టింది.

"నువ్వే గదూ, తెరగుడ్డకు మా ఇంటికొచ్చింది? గుడ్డ అడగ నోరొచ్చింది నీకు. మా పొల్ల దినాలకు దినాలు గొంతెండి కూసుంటే ఇది అడగ నోరు రాలే."

"అవ్వా..." అన్నాను.

"పొల్లను ఇగ పంపం. గది జెప్పిపోదామనే వచ్చిన," అని ఆమె వెళ్ళిపోయింది. అన్నం డబ్బాలు విప్పినవి విప్పినట్టే మూశాం.

మరునాడు సెలవు. ఎవరూ పిలవకుండానే డ్రిల్ మాస్టరు గడ్డపార భుజాన వేసుకుని బడికి వచ్చాడు. లెక్కల సారు తన ఇంటి దొడ్డి తడకలు రెండు ఊడదీసుకుని తెచ్చాడు. నేను ఈత కమ్మలు మోశాను. పెద్దసారు పంచె ఎగ్గట్టి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని అట్లా నేను ఎప్పుడూ చూడలేదు. బడి వెనుక మూలన గుంట తవ్వి, రాళ్ళు పరిచి, చుట్టూ తలకు మించిన ఎత్తున తడకలు కట్టి, లోపల ఒక బాన పెట్టి నీళ్ళు నింపాం. పొద్దు నడినెత్తికి రాకముందే పని అయిపోయింది. ఇంతేనా, అని ఎవరో అన్నారు. డ్రిల్ మాస్టరు అనుకుంటాను. అతని మీద నవ్వలేదు ఎవరం. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఇళ్ళకు పోయాం.

అప్పటికి టీచరమ్మ సెలవు పెట్టి పాలమూరు పోయింది. తిరిగి వచ్చింది బడిలో చేరడానికి కాదు, సామాను తీసుకుపోవడానికి. అమ్రాబాద్ వైపు, అడవి అంచు ఊరొకదానికి బదిలీ అయింది. తానే అడిగి వేయించుకుందో, ఎవరైనా పంపించారో నాకు తెలియదు. పెద్దసారును అడిగితే, "పైనుంచి వచ్చిందండీ, నేను ఒక్క ముక్క రాయలేదు, ఒట్టు," అన్నాడు. ఆయన్ని నమ్మాను. నమ్మకపోవడానికి నాకేం హక్కు ఉంది?

పోయే రోజు ఆమె బడి వెనక్కి వెళ్ళి తడకలు చూసింది. లోపలికి తొంగి చూసి, బానలో నీళ్ళు ఉన్నాయా అని చూసి, బయటికి వచ్చి, "మంచిగ గట్టిండ్రు సార్," అంది. మెచ్చుకుందో, మరేమైనా అందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తర్వాతెప్పుడో బడి వదిలి పత్రికలో పనిచేసే రోజుల్లో, పల్లెల్లో ఆడపిల్లలు చదువు మధ్యలో మానేస్తున్నారని, తల్లిదండ్రుల అజ్ఞానమే కారణమని వార్తలు నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఆగేది. కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. కొట్టివేసి దాని బదులు ఏం రాయాలో తెలియక అట్లాగే వదిలేసినవీ ఉన్నాయి. మా ఊళ్ళో తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు. పిల్లలు వచ్చారు, చదివారు, అడిగితే జవాబు చెప్పారు. మేమేమో వాళ్ళ మర్యాద కాపాడటంలో మునిగిపోయాం.

వేసవి సెలవుల ముందు మేం నలుగురం, పెద్దసారు, లెక్కల సారు, డ్రిల్ మాస్టరు, నేను, ఇల్లిల్లూ తిరిగాం. టీచరమ్మ తిరిగిన ఇళ్ళే. చాటు కట్టామని చెప్పాం; ఆ మాట చెప్పడం అప్పటికి మాకు వచ్చింది. చిన్న తరగతుల పిల్లల్ని చాలామంది పంపుతామన్నారు, పంపారు కూడా.

సాలెవాడ ఇంటికి చివరన పోయాం. ముసలమ్మ అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడుతూ మమ్మల్ని చూసి చూడనట్టు ఊరుకుంది. లోపల రెండు మగ్గాలు ఆడుతున్నాయి. ఒకటి తండ్రిది. రెండోది కొత్తగా వేసింది. దాని గుంటలో ఆ పిల్ల కూర్చుని ఉంది. ఆ గొంతు గల మొహాన్ని నేను నేరుగా చూడటం అదే మొదలు. ఇంకా కొంచెం పీలగానే ఉంది.

"పిల్ల మంచిగ చదువుతది. పంపాలె నువ్వు," అన్నాను తండ్రితో.

"నేనొద్దన్ననా సారూ? దాన్నే అడుగుండ్రి," అన్నాడు అతను, పోగు అతుకుతూ.

పెద్దసారు వంగి, గుంట వైపు చూస్తూ, ఎంతో మెత్తగా చెప్పాడు. "వస్తావామ్మా? ఇప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. నేను మాటిస్తున్నాను."

ఆ పిల్ల మగ్గం ఆపింది. తలెత్తి మా నలుగురినీ వరుసగా చూసింది. తరగతిలో జవాబు చెప్పినట్టే, తడబాటు లేకుండా చెప్పింది.

"టీచరమ్మ పూచీ మీద వచ్చిన సార్. టీచరమ్మ వస్తే వస్త."

"ఆమె బదిలీ అయిపోయిందమ్మా. ఇంకొక టీచరమ్మను వేస్తారు."

"వేయనీండ్రి సార్. ఆమెను జూసినంక చెప్త."

మగ్గం మీద పోగు మోసే నాడె మళ్ళీ అటూ ఇటూ పరుగెత్తడం మొదలైంది. మేం బయటికి వచ్చేశాం.

కొత్త టీచరమ్మను వేయమని మేమంతా కలిసి పైకి రాశాం, మళ్ళీ మళ్ళీ రాశాం. ఈసారి ఎందుకు కావాలో ఆ మాట పెట్టే, దాచకుండా రాశాం. వేసిన ఒకరిద్దరు ఆ ఊరు పేరు విని చేరకుండానే వేరే చోటికి మార్పించుకున్నారు. నేను బదిలీ అయి నల్లగొండ జిల్లాకు పోయేనాటికి ఆ పోస్టు ఖాళీగానే ఉంది. ఏడు పాసైన ఆడపిల్లలు ఎనిమిదిలో చేరడం లేదు.